నీలవేణి మేడమ్ వెనక్కి తీసుకున్న వ్యాసం

మొన్న మంగళవారం ఉదయం రెండో గంట పాఠం చెబుతుండగా మేడమ్ భర్త సూర్యనారాయణ గారి నుంచి ఫోను వచ్చింది. తరగతిలో ఫోను తీసే అలవాటు నాకు లేదు. కానీ నాలుగేళ్ళుగా ఆయన పేరు తెర మీద కనబడితే మాత్రం వెంటనే తీస్తున్నాను. "రవణా, మీ మేడమ్ ఎల్లిపోనాది" అన్నారు. సుద్దముక్క బల్ల మీద పెట్టి, పిల్లలకు ఏదో చెప్పి బయటకు వచ్చాను. ఏం చెప్పానో గుర్తు లేదు. వారానికి మూడుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకుంటున్న మనిషి మరణాన్ని ఆకస్మికం అనడానికి వీల్లేదు. అయినా నా మనస్సు దానికి సంసిద్ధంగా లేదని ఆ వరండాలో నిలబడ్డాక గాని నాకు తెలియలేదు.

డాక్టర్ నీలవేణి టెక్కలిలో, నేనిప్పుడు పాఠాలు చెబుతున్న ఈ కళాశాలలోనే, పాతికేళ్ళకు పైగా రసాయనశాస్త్రం బోధించారు. ఈ జిల్లాలో ఆమె శిష్యులు లేని కళాశాల అరుదు. ఆమెను బాగా ఎరిగినవారికి ఈ వ్యాసం అక్కరలేదు. ఎరగనివారి కోసం, అంతకన్నా ముఖ్యంగా ఆమెను తప్పుగా ఎరిగినవారి కోసం రాస్తున్నాను. ఇందులో కొంత నా గురించి కూడా చెప్పవలసి వస్తుంది. అది తప్పించుకోదగినది కాదు.

ఆమె పుట్టింది మందస దగ్గర సముద్రం వైపున్న ఒక పల్లెలో. తండ్రికి కొద్దిపాటి కొబ్బరి తోట ఉండేది. ఆమె చిన్నతనంలోనే ఆయన గతించారు. తల్లి పొద్దున్నే బస్సెక్కి పలాసలో జీడిపిక్కలు ఒలిచే పనికి వెళ్ళి కూతుర్ని చదివించింది. జీడిపిక్క పెంకులోని రసం తగిలి తల్లి వేళ్ళు నల్లబడి, చర్మం పొరలు పొరలుగా లేచిపోయేదట. "మా అమ్మ సెయ్యి అన్నం ముద్దకి తగిల్తే కారంగా ఉండీది. ఆ రసంలో ఏటున్నాదని మా సైన్సు మాస్టర్ని అడిగినాను. ఆయనకి తెలీదు. నువ్వే పెద్దయి కనుక్కో అన్నారు" అని మేడమ్ ఒకసారి నాతో చెప్పారు. విశాఖలో డాక్టరేటు పూర్తిచేసిన నాటికి ఆమెకు బయటి నగరాల నుంచి రెండు అవకాశాలు వచ్చాయి. తల్లి ఊరు కదలనంది. మేడమ్ టెక్కలికే వచ్చి, ఇక్కడి మండల కార్యాలయంలో గుమాస్తాగా ఉన్న సూర్యనారాయణ గారిని వివాహమాడి, ఇక్కడే ఉండిపోయారు. ఆ నిర్ణయాన్ని ఆమె త్యాగంగా ఏనాడూ వర్ణించుకోలేదు.

ఆమె పరిశోధించిన విషయం నక్షత్రాకార పాలిమర్లు. పాలిమర్ అంటే పొడవాటి దారం వంటి అణువు. అలాంటి దారాలు నాలుగో, ఆరో ఒకే కేంద్రానికి అతుక్కుని నలుదిక్కులకూ చాచుకుంటే అది నక్షత్రాకారం. మేడమ్ వాటిని చేతులనేవారు. ఆమె ఎంచుకున్న పాలిమర్‌కు ఇంకొక లక్షణం ఉంది. చల్లని నీటిలో కరిగి కంటికి కనబడదు. నీరు వెచ్చబడితే, ముప్పై రెండు డిగ్రీల దాపులో, ముడుచుకుపోయి నీటిని పాలలా తెల్లగా చేస్తుంది. చల్లారిస్తే మళ్ళీ తేట పడుతుంది. ఎన్నిసార్లు వేడిచేసినా, ఎన్నిసార్లు చల్లార్చినా అంతే.

నేను ఎమ్మెస్సీలో చేరిన మొదటి వారంలోనే ఆమె ఈ ప్రయోగం చూపించారు. ముందు బెంచీలో కూర్చున్న అమ్మాయి చేతికి తేటనీళ్ళలా ఉన్న ఒక సన్నని గాజుగొట్టం ఇచ్చి, గుప్పిట్లో గట్టిగా పట్టుకోమన్నారు. కాసేపటికి గుప్పిట తెరవమంటే లోపల తెల్లటి పాలు. అమ్మాయి భయపడి గొట్టం తిరిగి ఇవ్వబోయింది. "నువ్వేటీ సెయ్యనేదు తల్లీ. నీ ఒంటి ఎచ్చదనం దానికి తెలిసింది, అంతే" అన్నారు మేడమ్. అరవైమందిమీ వరసకట్టి ఆ గొట్టం పట్టుకున్నాం. ఆ రోజు ఆమె సిలబస్సులో ఒక్క పేజీ చెప్పలేదు. నేను పరిశోధన చెయ్యాలని నిశ్చయించుకున్నది ఆ గంటలోనే.

రెండేళ్ళ తరువాత విశ్వవిద్యాలయంలో పేరు నమోదు చేసుకుని ఆమె పర్యవేక్షణలో పనిచేయడం మొదలుపెట్టాను. మా ప్రయోగశాల పూర్వం సామాన్లు పడేసే గది. అణువుల పరిమాణం కొలిచే యంత్రం మాకు లేదు. నమూనాను చిన్న సీసాలో పెట్టి విశాఖ పంపితే రెండు వారాలకు ఫలితం వచ్చేది. ఎండాకాలంలో ఆ గదే ముప్పై అయిదు డిగ్రీలుండేది గనుక మా పాలిమర్ ఏ సీసాలో చూసినా తెల్లగా ముడుచుకునే ఉండేది. దాన్ని కరిగించి శుద్ధి చేయాలంటే ఐసు కావాలి. బారువలో చేపల కోసం ఐసు తయారుచేసే చోటినుంచి మేడమ్ తెప్పించేవారు. గోనెపట్టాలో చుట్టిన ఐసు దిమ్మ బస్సు వెనక సీటు కింద కరుగుతూ వచ్చేది. కండక్టరు ఒకసారి "మేడమ్, ఐసుకి వాసనొత్తంది, సేపలెక్కడున్నాయి?" అని అడిగాడు. "సేపలు కావు బాబూ, సుక్కలు పడుతున్నాం" అన్నారామె, నవ్వకుండా.

ఇక నేను చెప్పవలసిన చోటికి వస్తున్నాను.

మా పద్ధతిలో ముందు చేతులను తయారుచేస్తాం. తరువాత ఆరు చోట్ల అతుక్కునే వీలున్న కేంద్రానికి వాటిని తగిలిస్తాం. అన్నీ తగులుకోవు. తగలని చేతులు విడివిడిగా మిగిలిపోతాయి. చల్లని ద్రావకాలతో మూడుసార్లు జాగ్రత్తగా శుద్ధి చేస్తేనే నక్షత్రాలు వేరై, విడి చేతులు తొలగిపోతాయి. ఆ పని విసుగు పుట్టించేది. నా మూడో సంవత్సరంలో సముద్రంలో వేట నిషేధం వచ్చింది. పడవలు ఒడ్డునే ఉండిపోయాయి, బారువలో ఐసు ఆగిపోయింది. నా ఫెలోషిప్పు పొడిగింపుకు నివేదిక పంపవలసిన గడువు ముంచుకొచ్చింది. దొరికిన కాస్త ఐసుతో చిటికెడు పదార్థాన్ని మాత్రం మూడుసార్లు శుద్ధి చేసి విశాఖ యంత్రానికి పంపాను. మిగిలిన పెద్ద మొత్తాన్ని ఒక్కసారే శుద్ధి చేసి, అసలు కొలతలన్నీ దానితోనే తీసుకున్నాను. నోటుపుస్తకంలో మాత్రం అంతటినీ మూడుసార్లు శుద్ధి చేసినట్టు రాశాను.

వచ్చిన ఫలితం అద్భుతంగా ఉంది. ద్రావణం ముప్పై రెండు వద్ద కాక సరిగ్గా మనిషి ఒంటి వేడి వద్ద తెల్లబడింది. అయితే ముప్పై రెండు దగ్గర ఒక స్వల్పమైన మసక కూడా కనిపించింది. గాలిబుడగలై ఉంటాయని నాకు నేను నచ్చజెప్పుకుని, గ్రాఫులో ఆ మూడు చుక్కలూ తుడిచేశాను. నక్షత్రాకారం వల్లనే ఉష్ణోగ్రత మారిందని వ్యాసం రాశాం. గదిలో ద్రవంగా ఉండి ఒంట్లోకి వెళ్ళాక గడ్డకట్టే పదార్థం గనుక భవిష్యత్తులో మందును నెమ్మదిగా విడుదల చేయడానికి పనికిరావచ్చునని చివర ఒక్క వాక్యం చేర్చాం. మేడమ్ విశాఖ ఫలితాన్నీ, నా గ్రాఫునూ చూసి సంతకం చేశారు. వ్యాసం ఒక శాస్త్ర పత్రికలో అచ్చయింది.

ఆ ఒక్క వాక్యం ఒక స్థానిక విలేఖరి కంటపడింది. ఉద్దానం ఆడపడుచు కిడ్నీ వ్యాధికి మందు కనిపెట్టిందని దినపత్రికలో వచ్చింది. ఉద్దానమంటే ఆ వ్యాధి ఊరూరా పాతుకుపోయిన మా తీరప్రాంతం. మేడమ్ ఆ సాయంత్రమే ఫోను చేసి సవరణ వేయమని అడిగారు. సవరణ లోపలి పేజీలో ఎక్కడో, ఎవరూ చూడని చోట వచ్చింది. మర్నాటినుంచి కళాశాల గేటు దగ్గర మనుషులు. కవిటి నుంచి, సోంపేట నుంచి, వజ్రపుకొత్తూరు నుంచి ఆసుపత్రి కాగితాలు సంచుల్లో పెట్టుకుని వచ్చేవారు. మేడమ్ ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ఇది మందు కాదని చెప్పేవారు. వాళ్ళు తల ఊపేవారు గాని నమ్మేవారు కాదు. ఏదో కారణం చేత ఇప్పుడు ఇవ్వడం లేదని అనుకునేవారు.

బహుశా ఆ జనాన్ని చూసే ఆమె ఆ ప్రయోగాన్ని స్వయంగా మళ్ళీ చేయాలనుకున్నారు. నేను జ్వరంతో రెండు వారాలు రాలేదు. వచ్చేసరికి నీళ్ళతొట్టిలో రెండు గాజుగొట్టాలు పక్కపక్కనే నిలబెట్టి ఉన్నాయి. ఒకటి నా పెద్ద సీసాలోది. రెండోది అదే సీసాలోంచి తీసి ఆమె తన చేతులతో మూడుసార్లు శుద్ధి చేసినది. ఆమె నీటిని వేడి చేశారు. ముప్పై రెండు దగ్గర రెండోది పూర్తిగా తెల్లబడింది. మొదటిదానిలో పలుచని మసక మాత్రం కమ్మింది.

"ఇదేటి రవణా?" అన్నారు.

"బుడగలు మేడమ్."

"బుడగలైతే ఎగిరిపోవాల. ఇది అలగే ఉన్నాది సూడు."

వంగి చూశాను. మసక కదల్లేదు.

"ఎన్నిసార్లు కడిగినావు?"

"ఒక్కసారి" అన్నాను.

ఆమె మంట ఆర్పి కుర్చీలో కూర్చున్నారు. విషయం ఇద్దరికీ అర్థమైంది. మేము నక్షత్రమని ప్రకటించినదానిలో అధికభాగం తగలని చేతులే. అవి పొట్టివి, నీటిని ఇష్టపడే చివరలు కలవి. అందువల్లనే ఎక్కువ వేడికి గాని తెల్లబడలేదు. అసలు నక్షత్రాలు ఎప్పటిలాగే ముప్పై రెండు దగ్గర తెల్లబడి, నేను తుడిచేసిన ఆ మూడు చుక్కల్లో తమ ఉనికి చెప్పుకున్నాయి. తిడతారని ఎదురుచూశాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె "అన్నం తిన్నావా?" అని అడిగారు. లేదన్నాను. "తినీసి రా. తర్వాత ఉత్తరం రాద్దాం" అన్నారు.

వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నామని ఆ శాస్త్ర పత్రికకు రాసిన ఆ ఉత్తరాన్ని నేనే టైపు చేశాను. శుద్ధిలో లోపం జరిగిందనీ, దానికి పూర్తి బాధ్యత పర్యవేక్షకురాలిదేననీ ఆమె చెబుతుంటే నా వేళ్ళు ఆగిపోయాయి. తప్పు చేసింది నేనని రాయమన్నాను. "సంతకం నాది. నోటుబుక్కు సూసినాను గానీ సీసా సూడనేదు. నా తప్పు నాకు రాసుకోనీ. నీ తప్పుకి వేరే పనున్నాది, అది తర్వాత సెప్తాను" అన్నారు.

ఆ ఉత్తరం పంపడానికి ముందు చేయవలసినది ఇంకొకటి ఉందని మర్నాడు చెప్పి, నన్ను వెంటబెట్టుకుని మందస బస్సెక్కారు. వాళ్ళ ఊరి పక్క పల్లెలో పార్వతి అనే ఆవిడ ఉంది. మేడమ్‌కు వరసకు వదిన. ఆమె భర్త వారానికి రెండుసార్లు పలాసలో డయాలసిస్‌కు వెళ్ళేవాడు. పేపరులో వార్త చూశాక ఒకసారి వెళ్ళడం మానేశాడని మేడమ్‌కు ఎవరో చెప్పారు. మేము వెళ్ళేసరికి ఆయన అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కాళ్ళు వాచి ఉన్నాయి. పార్వతి గారు మమ్మల్ని చూసి సంతోషంగా లేచి, లోపలినుంచి కుర్చీ తెచ్చారు.

"మందు తెచ్చినావేటి వదినా?" అని అడిగారు.

"నేదు వదినా. ఆ మందు నేదు" అన్నారు మేడమ్. కుర్చీలో కూర్చోలేదు. "పేపర్లో ఏసింది తప్పు. దానికి మూలం మా లెక్క. మా లెక్కే తప్పు."

"ఇప్పుడు కాకపోతే ఒచ్చే ఏడుకి?"

"ఒచ్చే ఏడుకీ నేదు. నాకు తెలిసినంతలో నేదు."

పార్వతి గారు ఆ ఖాళీ కుర్చీని గోడవైపు జరిపారు. తరువాత నెమ్మదిగా అన్నారు. "ఆ మాట ఫోన్లో సెప్పీయొచ్చు గదమ్మా. ఇంత దూరం ఒచ్చి సెప్పాలా?"

"అన్నయ్య పలాస ఎల్లడం మానీసినాడని తెలిసింది. అందుకే ఒచ్చినాను. నా మీద కోపం పెట్టుకో వదినా, పరవానేదు. ఆయన్ని మాత్రం రేపు బస్సెక్కించు."

అరుగు మీది మనిషి గోడకు ఆనించిన తల ఎత్తాడు. "రేపు ఎల్తానులే అమ్మా" అన్నాడు. మాటను నమ్మి తిరిగి రాకుండా మేడమ్ ఆ రాత్రి తల్లి దగ్గర ఉండిపోయి, మర్నాడు ఉదయం ఆయనను తనే పలాస తీసుకెళ్ళారు. నేను వాళ్ళ వెనక సీటులో కూర్చున్నాను. నేను తుడిచిన మూడు చుక్కలు ఎక్కడిదాకా వెళ్ళాయో ఆ వాచిన పాదాలను చూసినప్పుడు నాకు తెలిసివచ్చింది. ఆయన ఆ తరువాత డయాలసిస్ మానలేదు. ఇంకా ఆరేళ్ళు బతికాడు.

వ్యాసం వెనక్కి తీసుకోవడం వల్ల మేడమ్‌కు జరిగిన నష్టం తక్కువ కాదు. ప్రాజెక్టు పొడిగింపు రాలేదు. శాఖాధిపతి పదవి ఆమెను దాటి వెళ్ళింది. కొందరు సహాధ్యాపకులు ఆమె ఎదుటనే "పాలు విరిగిపోనాయట" అని నవ్వుకునేవారు. ఆమె వినబడనట్టు వెళ్ళిపోయేవారు కాదు. ఆగి, ఏది ఎలా తప్పిందో వివరించబోయేవారు. అప్పుడు వాళ్ళే తప్పుకునేవారు.

నా తప్పుకు ఉన్న ఆ వేరే పని ఏమిటో త్వరలోనే తెలిసింది. అంతా మొదటినుంచి మళ్ళీ చేయడం. పద్నాలుగు నెలలు పట్టింది. మూడు చేతులవి, నాలుగు చేతులవి, ఆరు చేతులవి చేశాం. ప్రతిదాన్నీ మూడుసార్లు కాదు, అయిదుసార్లు శుద్ధి చేయించారు. చివరికి తేలింది చాలా చిన్న విషయం. మా పాలిమర్ తెల్లబడే ఉష్ణోగ్రతను చేతుల సంఖ్య పెద్దగా మార్చదు. ఆ చేతుల పొడవూ, చివర ఏముందన్నదీ మారిస్తేనే మారుతుంది. ఈ మాట ఎవరినీ ఆశ్చర్యపరచలేదు, ఏ దినపత్రికా రాయలేదు. కానీ గ్రాఫు మీద చివరి చుక్క పెట్టిన రోజున మేడమ్ క్యాంటీన్‌కు వెళ్ళి గదిలోని అందరికీ టీ, పకోడీ తెచ్చారు. "ఇది నిలబడతాది రవణా. ఎవులు సేసినా ఇలగే ఒత్తాది" అన్నారు. అంత సంతోషం ఆమె ముఖంలో మొదటి వ్యాసం అచ్చయిన రోజున కూడా నేను చూడలేదు.

నాలుగేళ్ళ క్రితం ఆమెకూ అదే వ్యాధి అని తేలింది. ఆ నీళ్ళు తాగి, ఆ నేల మీద పెరిగిన మనిషి. కారణం ఇదని రూఢిగా ఎవరూ చెప్పలేరు. తెలిసినట్టు మాట్లాడేవారిని ఆమె వారించేవారు. డయాలసిస్ మంచం మీద ఎడమచేతికి గొట్టాలుంటే, కుడిచేత్తో విద్యార్థుల ప్రాజెక్టు పుస్తకాలు దిద్దేవారు. పక్క మంచాల వాళ్ళకు ఆ యంత్రం రక్తాన్ని ఎలా శుభ్రం చేస్తుందో చెప్పేవారు. గొట్టం చివర ఉన్న ఆ వడపోత పొర కూడా పాలిమరేనని ఒక ముసలాయనకు చెబితే, "అయితే నువ్వు సేసిందేనా అమ్మా?" అని అడిగాడు. "కాదు తాతా, ఎవులో మంచోల్లు సేసినారు" అన్నారు.

పోయిన శీతకాలంలో ఒకనాడు ఆ మంచం పక్కన కూర్చుని, జరిగినదంతా బయటపెడతానని అన్నాను. ఆమె పెన్ను మూసి నా వైపు చూశారు. "ఇప్పుడు సెప్తే నన్ను పొగుడుతారు, నిన్ను తిడతారు. రెండూ నాకొద్దు. నీ క్లాసు పిల్లలకి సెప్పు. ఆల్లకి పనికొత్తాది" అన్నారు. అలాగేనన్నాను. ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను. నా విద్యార్థుల ముందు చిన్నబోతానన్న భయం, ఇంతకన్నా గౌరవప్రదమైన కారణం ఏదీ నా దగ్గర లేదు.

శుక్రవారం కళాశాలలో సంతాపసభ జరిగింది. వక్తలందరూ ఆర్ద్రంగానే మాట్లాడారు. చివరి వక్త ఆమెతో కలిసి పనిచేసిన పెద్దమనిషి. మంచి మనస్సుతోనే ఒక మాటన్నారు: "మేడమ్ పరిశోధనలో ఒక పొరపాటు జరిగిన మాట వాస్తవం. కానీ ఆమె సేవల ముందు దాన్ని మనం మరిచిపోవాలి." ముందు వరసలో నా విద్యార్థులు కూర్చుని ఉన్నారు. నేను లేచి, వేదిక దగ్గరికి వెళ్ళి, పైన రాసినదంతా చెప్పాను. వేట నిషేధం, ఒక్కసారి శుద్ధి, తుడిచిన మూడు చుక్కలు, నోటుపుస్తకంలో రాసిన అబద్ధం. పొరపాటు ఆమెది కాదని, ఆమె దాన్ని పట్టుకున్న మనిషి అని చెప్పాను. నేను వచ్చి నా కుర్చీలో కూర్చుంటే పక్కనున్నాయన కొద్దిగా జరిగారు. ఎందుకు జరిగారో నేను ఊహించను.

సభ అయ్యాక సూర్యనారాయణ గారు గేటు దగ్గర నాకోసం ఆగారు. ఆయన నన్ను ఏమన్నా పడటానికి సిద్ధపడే వెళ్ళాను.

"రవణా, నువ్వు సెప్పింది నిజవేనా?" అన్నారు.

"నిజమేనండి."

"నాకు తెలీదు" అన్నారాయన. "పన్నెండేళ్ళయింది. ఇంట్లో కూడా తన తప్పనే సెప్పింది. కాగితాలు సరిగ్గా సూసుకోవాల్సింది గదా అని నేను కూడా ఒకసారి ఇసుక్కున్నాను. అవును, సూసుకోవాల్సింది అనింది." ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. తరువాత స్కూటరు తీసుకుని ఇంటికి వెళ్ళిపోయారు.

గురువును కోల్పోయినవారు ఎందరో ఉంటారు. నేను కోల్పోయింది, నా లోపం సాంతం తెలిసి కూడా నాతో పాటు కూర్చుని పని మళ్ళీ మొదలుపెట్టిన మనిషిని. అటువంటి మనిషి ఒకరికి జీవితంలో ఒక్కసారి తారసపడటమే అరుదు. నీలవేణి మేడమ్ పాదాలకు నమస్కరిస్తున్నాను. సోమవారం నుంచి మా విద్యార్థులు కొత్త ప్రయోగం మొదలుపెడతారు. శుద్ధి నా కళ్ళముందే చేయాలని వాళ్ళకు చెప్పాను. ఎందుకని ఎవరూ అడగలేదు.